నలభై ఒకటో పేజీ వెనకవైపు

ముందు ఒక పుకారు సంగతి తేల్చేస్తాను. మూడో అంతస్తు హాజరమ్మ తన డిసర్టేషన్ తాను రాయలేదనీ, కింది వాటాలో ఉండే ప్రెస్సాయన రాసిపెట్టాడనీ, అది కాలేజీవాళ్లు పట్టేసి ఆరు వారాలు ఆపేశారనీ మా వీధిలో చెప్పుకుంటున్నారు. కూరగాయల బండి దగ్గర విన్నాను. మందుల షాపులో విన్నాను. చివరికి మా మెట్లు తుడిచే ఆమె కూడా నాకే చెప్పబోయింది. ఆ కింది వాటా ప్రెస్సాయన మా ఆయనే. కనుక నాకు తెలుసు, ఆయన ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఆరు వారాలు ఆగిన మాట మాత్రం నిజం. ఆపింది కాలేజీవాళ్లు కాదు, నేను.

మామూలుగా ఈ వీధిలో ఏ కబురుకైనా పుట్టిల్లు మా కిటికీయే. మెట్లెక్కేవాళ్లూ దిగేవాళ్లూ దాని ముందు నుంచే పోవాలి. ఈ పుకారొక్కటే నా ప్రమేయం లేకుండా పుట్టింది. అందుకే ఇంత తప్పుగా ఉంది.

నేను చదివింది ఐదో తరగతి. ఆ తర్వాత బడి మానిపించారు గానీ చదవడం నేను మానలేదు. పొట్లం కట్టిన కాగితం, మందు డబ్బాలో మడత పెట్టిన చీటీ, ఏది దొరికినా చదువుతాను. బావుందనిపిస్తే మంచం కింద అట్టపెట్టెలో దాచుకుంటాను. ఆ పెట్టె సంగతి గుర్తుంచుకోండి.

హాజరమ్మది ఆమె అసలు పేరు కాదు. నూలు మిల్లు గేటు పక్కన అగ్గిపెట్టంత గదిలో ఇరవై మూడేళ్లు కూర్చుని, లోపలికి వచ్చే ప్రతి మనిషికీ హాజరు వేసింది కనుక ఆ పేరు వచ్చింది. ఎదురుగా గోడ గడియారం, ముందు రిజిస్టరు, చేతిలో ఎర్ర పెన్ను. ఆరు గంటల షిఫ్టుకి ఆరూ మూడుకి వస్తే మూడు నిమిషాలు లేటని రాసేది. బతిమాలినా వినదు, తిట్టినా వినదు. భర్త దూరాల లారీ డ్రైవరు. నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటాడు. ఆయన గుమ్మంలో అడుగుపెడితే కూడా ముందు గడియారం వంకే చూస్తుందని వాళ్లమ్మాయి నవ్వుతూ ఉంటుంది.

ఆ మిల్లు మూతపడింది. మూసేస్తున్నామన్న నోటీసు గేటుకి అంటించమని ఆమె చేతికే ఇచ్చారు. అంటించి ఇంటికొచ్చింది. మర్నాడు పొద్దున్న అలవాటు కొద్దీ గేటు దగ్గరికి వెళితే, ఆరింటికల్లా మనుషులు వచ్చి నిలబడి ఉన్నారట. నోటీసు చదివినవాళ్లే. పనికి కాదు, ఊరికే. అరుపులు లేవు, ఏడుపులు లేవు. ఆమెకేం చేయాలో తోచలేదు. రిజిస్టరు లోపల ఉండిపోయింది. సంచిలో ఒక పాత కవరుంటే దాని వెనక వాళ్లందరికీ హాజరు వేసింది. అరవై ఒక్క మంది. "లేటు ఒక్కరూ లేరు పిన్నిగారూ" అని చెప్పింది నాతో. 

తర్వాత కంప్యూటరు నేర్పే సంస్థలో ముందు బల్ల దగ్గర ఉద్యోగం దొరికింది. అది దొరికిన ఆరు నెలలకి సాయంత్రం కాలేజీలో మూడేళ్ల చదువుకి చేరింది. నలభై ఆరేళ్ల మనిషి, భుజానికి పుస్తకాల సంచి! దిగేదాకా ఆగలేక కిటికీలోంచే కేకేశాను.

"ఏమ్మాయ్, ఈ వయసులో ఏం చదువు?"

"కెరీర్ డెవలప్‌మెంటు, కోచింగు. పీజీ పిన్నిగారూ."

"అంటే ఏంటి?"

"పని పోయినవాళ్లు, పని మారాలనుకునేవాళ్లు వస్తే కూర్చుని మాట్లాడాలి."

"దానికి చదువెందుకే? నేను రోజూ చేసేది అదేగా!"

"మీరు చెబుతారు. మేం చెప్పకూడదు. అడగాలి, వినాలి."

"సలహా కూడా ఇవ్వరా?"

"ఇవ్వకూడదు."

"నోరు మూసుకుని కూర్చుంటే పట్టా ఇస్తారా!" అన్నాను. నిజంగానే విస్తుపోయాను. అలాగైతే మా ఆయనకి ఈపాటికి పది పట్టాలు వచ్చి ఉండాలి.

రెండో ఏడాది అభ్యాసం కోసమని నన్నే కూర్చోబెట్టింది. "పిన్నిగారూ, మీకు ఏం పని చేయాలని ఉండేది?" అని అడిగి ఊరుకుంది. ఆమె ఊరుకుంటే నేను ఊరుకోగలనా? చెబుతూ పోయాను. చివర్న గడియారం చూసి, "నలభై నిమిషాలయింది పిన్నిగారూ. మొదటి అంతస్తు వాళ్ల గురించి అయింది, రెండో అంతస్తు వాళ్ల గురించి అయింది. మీ గురించి ఇంకా మొదలుపెట్టలేదు" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. రెండు రోజులు మాట్లాడలేదు. అంటే, ఆమెతో.

చివరి ఏడాదిలో డిసర్టేషన్ రాయాలి. పని పోయిన తర్వాత మనిషి పొద్దుటిపూట ఏం చేస్తాడన్నది ఆమె ఎంచుకున్న విషయం. ఎనిమిది మందిని కూర్చోబెట్టి గంటేసి సేపు మాట్లాడించి, రికార్డు చేసి, అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద పెట్టింది. పేర్లు ఉండవు. ఒకటో వ్యక్తి, రెండో వ్యక్తి, అంతే. ముందే ఇద్దరూ ఒక ఫారం మీద సంతకాలు పెడతారు. "మీ మాట మీదని ఎవరికీ తెలియనివ్వను" అని ఆమె, "ఫలానా తేదీలోగా నాకు ఇష్టం లేకపోతే నా మాటలు తీసేయవచ్చు" అని వాళ్లు. ఈ మాటలన్నీ ఆదివారాలు ఆ సంస్థలోనే ఒక గదిలో జరిగాయి. మా మెట్లెక్కి ఒక్కరూ రాలేదు. నా బాధ ఎవరితో చెప్పుకోను?

"ఎవరెవరే వాళ్లు?"

"ఒకటో వ్యక్తి పిన్నిగారూ."

"సరే, మరి ఆ తర్వాత?"

"రెండో వ్యక్తి."

ఆ పట్టా ఆమెకి ఉబలాటం కోసం కాదు. సంస్థవాళ్లు ఉద్యోగ సలహాల గది ఒకటి కొత్తగా తెరుస్తున్నారు. పట్టా చేతికొస్తే అందులో కూర్చోబెడతామన్నారు. ఆ విడతలో డిసర్టేషన్ ఇవ్వలేకపోతే మళ్లీ ఏడాది ఆగాలి, ఆ కుర్చీ మాత్రం ఆగదు. ఇది నాకు తెలుసు. తెలిసే చేశాను కనుక తెలియదనను.

ఎనిమిది మందిలో ఒకరెవరో నాకు ఆ మనిషి నోటి వెంటే తెలిసింది. రెండో అంతస్తులో ఉండే స్టోర్సు అబ్బాయి. మిల్లులో స్టోర్సు చూసేవాడు, ఇప్పుడు ఒక గోడౌనులో చేరాడు. భార్య ఇంట్లో మిషను కుడుతుంది. "నేనూ అక్కతో గంటసేపు మాట్లాడొచ్చాను పిన్నిగారూ, గుండె తేలికపడింది" అని మెట్ల మీద వాడే చెప్పాడు.

ఇక మా ఆయన సంగతి. ముప్పై నాలుగేళ్లుగా ఒకే ప్రెస్సు. మిషను నడిపేవారు, కళ్లు మంచివి కనుక ప్రూఫులు కూడా చూసేవారు. పొద్దున్న ఎనిమిదింటికి క్యారేజీ పట్టుకుని బయల్దేరితే సాయంత్రం ఆరింటికి వస్తారు. గోళ్లలో సిరా. పెళ్లయిన నాటి నుంచీ ఆ నల్లటి గోళ్లతో నాకు యుద్ధమే. కిందటి ఏడాది కొత్త సబ్బొకటి తెచ్చాను. రెండు మూడు నెలల్లో గోళ్లు తెల్లగా మెరిసిపోయాయి! ఆ సబ్బు వీధిలో నలుగురి చేత కొనిపించాను.

సరే, ఆ రోజుకి వస్తాను. ఒక మధ్యాహ్నం హాజరమ్మకి కాలేజీ నుంచి ప్యాకెట్టు వచ్చింది. పైన ఎవరూ లేరు. ఇలాంటివన్నీ నా దగ్గరే పెట్టి పోతారు. చిత్తుప్రతిని వాళ్ల ప్రొఫెసరమ్మ ఎర్ర సిరాతో దిద్ది పంపింది. ప్యాకెట్టు అతుకు కాస్త ఊడినట్టు ఉంది. "కాస్త" అన్నది నేను అప్పట్లో అందరికీ చెప్పిన మాట. నిజానికి కెటిల్ ఆవిరి పట్టి నేనే ఊడదీశాను.

ముందు నలభై పేజీలూ నాకు కొరుకుడు పడలేదు. నలభై ఒకటో పేజీలో మనుషులు మాట్లాడటం మొదలైంది. వరసేమిటో గానీ, పైన "ఐదో వ్యక్తి" అని ఉంది. కింద ఇలా ఉంది:

"పొద్దున్న ఎనిమిదింటికి క్యారేజీ తీసుకుని బయల్దేరతాను. పెద్దాసుపత్రికి వెళ్లి అవుట్‌పేషెంట్ల హాల్లో కూర్చుంటాను. అక్కడ మనిషి ఎంతసేపు కూర్చున్నా ఎందుకని ఎవరూ అడగరు. పన్నెండున్నరకి క్యారేజీ విప్పి తింటాను. సాయంత్రం ఇంటికెళ్తాను. పని పోయి పది నెలలయింది. ఇంట్లో చెప్పలేదు. రేపు చెబుదామనుకుంటాను. రేపు మళ్లీ క్యారేజీ కట్టి చేతికిస్తారు. తీసుకుని బయల్దేరతాను."

 పది నెలలు! క్యారేజీ కట్టే ఆ ఇల్లాలికి అనుమానమైనా రాలేదా! కళ్లు పెట్టుకుని ఏం చూస్తోంది!

మా మేడలోంచి ఎనిమిదింటికి క్యారేజీతో బయల్దేరేవాళ్లు ఇద్దరే ఇద్దరు. ఒకరు మా ఆయన. రెండోవాడు స్టోర్సు అబ్బాయి, ఆమెతో మాట్లాడొచ్చానని వాడే చెప్పాడు కూడా. ఇంకేం కావాలి? ఆ కాగితం వెనక కూడా అచ్చు ఉంది. తిప్పి చూసే ఓపిక ఎవరికుంది? కాగితం ఎక్కడ పెట్టానో కూడా చూసుకోకుండా రెండో అంతస్తుకి పరిగెత్తాను.

కుట్టుమిషనమ్మాయి పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని జాకెట్టు చేతులు అతుకుతోంది.

"ఏమ్మాయ్, మీ ఆయన గోడౌనుకే వెళ్తున్నాడా?"

"ఊఁ."

"నువ్వెప్పుడైనా వెళ్లి చూశావా?"

సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది. "ఏంటి పిన్నిగారూ? సూటిగా చెప్పండి."

"నేనేం చెప్పను తల్లీ! పెద్దాసుపత్రి హాల్లో చల్లగా ఉంటుందట. ఈమధ్య కొందరు మగాళ్లు క్యారేజీలు అక్కడే విప్పుతున్నారట."

"అట ఏంటి? ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. హాజరమ్మ పుస్తకంలో రాసి ఉంది."

ఆ పిల్ల మిషను మీద బట్ట అలాగే వదిలేసి చెప్పులేసుకుంది. తిన్నగా గోడౌను గేటు దగ్గరికి వెళ్లి, మా ఆయన నిజంగా ఇక్కడే పనిచేస్తున్నాడా అని వాచ్‌మన్‌ని అడిగింది. ఆ మహానుభావుడు లోపలికి ఫోను చేసి ఊరుకోవచ్చుగా! మైకు అందుకున్నాడట. "స్టోర్సులో కొత్తాయన గేటు దగ్గరికి రావాలి. నువ్వు ఇక్కడ పనిచేస్తున్నావో లేదో చూడ్డానికి మీ ఆవిడ వచ్చింది." లారీలెక్కించేవాళ్లంతా పని ఆపి నవ్వారట. స్టోర్సు అబ్బాయి చేతిలో సరుకు పట్టీతో బయటికొచ్చి, భార్యని చూసి, ఆ పట్టీతోనే మొహం కప్పుకున్నాడట.

అంటే వాడు ఐదో వ్యక్తి కాదు. మూడో వ్యక్తో, ఏడో వ్యక్తో.

ఆ సాయంత్రం మెట్ల మీద వాడు అరిచిన అరుపు నాలుగంతస్తులూ విన్నాయి.

"అక్కా! నా మాట గడప దాటదన్నావు. నిన్ను నమ్మి కడుపులోదంతా కక్కాను. నువ్వు పుస్తకంలో పెట్టి ఊరందరికీ చదివి వినిపిస్తున్నావా?"

"నేనెవరికీ చెప్పలేదు తమ్ముడూ."

"మరి మా ఆవిడ నోట ఆసుపత్రి మాట ఎలా వచ్చింది? నాకు తెలియని సంగతులు నా మీద ఎలా రాశావు?"

హాజరమ్మ గోడ పట్టుకుంది. ఆ క్షణంలో కిటికీ తలుపు దగ్గరగా వేసి వెనక నిలబడ్డది నేనే. నోరు తెరిస్తే అయిపోయేది. తెరవలేదు. జీవితంలో తెరవాల్సిన ఒక్కసారి తెరవలేదు.

"నా మాటలు తీసెయ్. ఇంకా తేదీ ఉంది. నా కళ్లముందు చెరిపెయ్."

ఆమె బతిమాలలేదు, ఎందుకని అడగలేదు. ఫారం తెచ్చింది, వాడి చేత సంతకం పెట్టించుకుంది, వాడి ముందే రికార్డు చెరిపేసింది. వాడి వెనకే మిల్లువాళ్లు ఇంకో ఇద్దరు తమ మాటలూ తీసేయమన్నారు. ఎనిమిది మంది కాస్తా ఐదుగురయ్యారు. కనీసం ఏడుగురుండాలని ప్రొఫెసరమ్మ తేల్చి చెప్పింది. ఆరు వారాలు గడువిచ్చింది. ఇదీ ఆరు వారాల కథ. కాపీ లేదు, ఏమీ లేదు.

మర్నాడు హాజరమ్మ కిందికి వచ్చింది.

"పిన్నిగారూ, ప్యాకెట్టు ఊడి ఉంది."

"అలాగే వచ్చిందమ్మా."

"నలభై ఒకటో కాగితం లేదు."

"వాళ్లే పెట్టడం మర్చిపోయి ఉంటారు."

నా మొహంలోకి చూసింది. గేటు దగ్గర లేటుగా వచ్చినవాణ్ణి చూసినట్టు చూసింది. "సరే పిన్నిగారూ" అని, నేనిచ్చిన కాఫీ తాగి వెళ్లింది. నా మొహాన కొట్టి వెళ్లినా బావుండేది. నాలుగు వారాలు పాత మిల్లువాళ్ల ఇళ్ల చుట్టూ తిరిగింది. కొందరు తలుపు తీయలేదు. కొందరు, "మీ వీధిలో గోడలకి చెవులు కాదమ్మా, నోళ్లున్నాయి" అన్నారట. ఆ నోళ్లు ఎవరివో నాకు తెలుసు.

ఆ కాగితం కోసం ఇల్లంతా వెతికాను. దొరకలేదు. నాలుగు వారాల తర్వాత ఒక ఉదయం మంచం కింద ఊడుస్తూ అట్టపెట్టె పక్కకి లాగితే అన్నిటికన్నా పైన కనిపించింది. చదివిన కాగితం దాచుకునే అలవాటు కదా, ఆ కంగారులోనూ చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. చీపురు పక్కన పెట్టి నేల మీదే కూర్చున్నాను. ఈసారి తిప్పాను. వెనకవైపు ఇలా ఉంది:

"బస్టాపు దాకా మా పైఅంతస్తు కుర్రాడితో కలిసే నడుస్తాను. అతను బస్సెక్కుతాడు. నేను తర్వాతి బస్సన్నట్టు నిలబడతాను. చెబితే మా ఆవిడ ఏడుస్తుందని కాదు. ఆమె ఏడవదు. చెబితే ఆ సాయంత్రానికల్లా వీధి వీధంతా నన్ను ఓదారుస్తుంది. అంత ఓదార్పు నేను తట్టుకోలేను. గోళ్లలో సిరా పోయింది. ముప్పై నాలుగేళ్లుగా పోనిది. మా ఆవిడ కొత్త సబ్బు మహిమ అనుకుంటోంది. నలుగురి చేత కొనిపించింది కూడా."

పక్కన ప్రొఫెసరమ్మ ఎర్ర సిరాతో రాసింది: "గుర్తుపట్టే వివరాలు. తీసేయండి."

 ఏడుపు రాలేదు, ఆయన చెప్పినట్టే.  నాలుగో అంతస్తు వాళ్లింట్లో గ్యాసు ఎప్పుడు అయిపోతుందో నాకు తెలుసు. ఎదురింటి పిల్లకి ఎన్ని సంబంధాలు తప్పిపోయాయో తెలుసు. పక్కన పడుకునే మనిషికి పది నెలలకి పైగా పని లేదని తెలియదు. ప్రెస్సువాళ్లు లెక్క తేల్చి ఇచ్చిన దాన్నే నెలనెలా జీతంలా నా చేతిలో పెడుతున్నారని తెలియదు. కళ్లు పెట్టుకుని ఏం చూస్తోందని ఆ ఇల్లాలిని తిట్టుకున్నానే, ఆ ఇల్లాలు నేను.

లేచి చీర మార్చుకుని పెద్దాసుపత్రికి వెళ్లాను. హాలు కిటకిటలాడుతోంది. మూడో వరసలో, టోకెన్ల బోర్డు కింద, కళ్లజోడు ముక్కు మీదికి దింపి కూర్చున్నారు మా ఆయన. పక్కన ఒక ముసలాయన. ఆయన ఫారం ఈయన నింపుతున్నారు. అది అవుతుండగానే ఇంకొకావిడ, "మాస్టారూ, నాదీ కాస్త" అంటూ కాగితం చాపింది. అంతా ఈయన ఆసుపత్రి మనిషే అనుకుంటున్నారు. పన్నెండున్నరకి ఫారాలు పక్కన పెట్టి క్యారేజీ విప్పారు. మెతుకు మిగల్చకుండా తిన్నారు. స్తంభం చాటు నుంచి చూశాను. ముందుకి వెళ్లలేదు. వెళితే ఆ హాలంతా ఆయన్ని ఓదార్చేలా చేసేస్తానేమోనని నా నోటికి నేనే భయపడ్డాను.

సాయంత్రం ఆరింటికి వచ్చారు. కాఫీ పక్కన ఆ కాగితం పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని ముందు ఒకవైపు చదివారు, తిప్పి రెండోవైపు చదివారు. జేబులోంచి పెన్సిలు తీశారు.

"ఇక్కడ ఒత్తు ఎగిరిపోయింది" అని దిద్దారు. తర్వాత తలెత్తకుండానే అన్నారు. "తెలిసిపోయిందన్నమాట."

"సబ్బు గురించి పరాయివాళ్లకి చెబుతారా ఎవరైనా!"

"రేపటి నుంచి క్యారేజీ కట్టవా?"

"ఎందుకు కట్టను? ఆ హాల్లో మీకు వండి పెట్టేవాళ్లెవరున్నారు?" అన్నాను.   ఆయన కాఫీ గ్లాసు నా వైపు జరిపారు.

మర్నాడు పొద్దున్నే, క్యారేజీలు దిగకముందే రెండో అంతస్తుకి వెళ్లాను. స్టోర్సు అబ్బాయి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"అబ్బాయ్, ప్యాకెట్టు నేనే తెరిచాను. ఆవిరి పెట్టి తెరిచాను. అందులో నీ పేరు లేదు, నీ సంగతీ లేదు. నేను చదివింది వేరే మనిషి మాట. అది నువ్వనుకుని మీ ఆవిడకి మోసింది నేను. హాజరమ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదు. తిట్టాలంటే నన్ను తిట్టు."

తిట్టాడు. పిన్నిగారూ అంటూనే తిట్టాడు, మర్యాద తప్పకుండా తిట్టాడు, అది ఇంకా గట్టిగా తగిలింది. మైకులో పిలిచిన నాటి నుంచి గోడౌనులో వాడి పేరే "ఉన్నాడో లేడో" అయిపోయిందట. ఆయాసం తీరాక అడిగాడు.

"అయితే ఆ మనిషెవరు?"

నోటిదాకా వచ్చింది. నాలుక మీద కూర్చుంది.

"చెప్పను."

కుట్టుమిషనమ్మాయి మిషను తొక్కడం ఆపేసింది. "పిన్నిగారు... చెప్పనంటున్నారా?" అంది భర్తతో, ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికి వచ్చినట్టు. వాడు కూడా ఒక నిమిషం నన్ను తేరిపార చూశాడు. తిట్టినప్పుడు దిగని కోపం అప్పుడు దిగినట్టుంది. క్యారేజీ తీసుకుని కిందికి కాకుండా పైకి వెళ్లాడు.

వాడి వెనక మిగిలిన ఇద్దరూ తిరిగొచ్చారు. కానీ పాతవి చెరిపేసింది కదా, మళ్లీ మొదటి నుంచీ మాట్లాడించాలి, మళ్లీ అక్షరం అక్షరం రాయాలి. మిగిలింది రెండు వారాలు. ఆమె సంస్థ నుంచి వచ్చేది, గిన్నె పొయ్యి మీద పెట్టేది, చెవులకి రికార్డరు తగిలించుకునేది. తల్లీకూతుళ్లకి ఉన్నది ఒకటే బల్ల. "మా ఇంట్లో ఇద్దరు స్టూడెంట్లున్నారు అమ్మమ్మా, అమ్మే లేదు" అని వాళ్లమ్మాయి నా దగ్గర తినేసి వెళ్లేది. వంట ఎలా ఉందని కూడా నేను అడగలేదు. అంత మారాను.

ఇక మా ఆయన చేసిందేమిటో చెబుతాను, వీధి చెవులు రిక్కించి వినాలి. వ్యక్తుల మాటలు లేని అధ్యాయాల్లో అచ్చుతప్పులు దిద్దారు. నాలుగు కాపీలూ ఇంట్లో బల్ల మీదే కుట్టి అట్ట వేశారు. వ్యక్తుల మాటలున్న నాలుగో అధ్యాయం ఆయనకి కూడా చూపలేదు ఆమె. ఆ కాగితాలు బోర్లా పెట్టి, సూదీ దారం ఆయన చేతికిచ్చి, కుట్టినంతసేపూ ఎదురుగా కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. "నా మాటలు కూడా నన్ను చూడనివ్వవా అమ్మాయ్?" అంటే, "మీవే చూస్తారని ఏంటి నమ్మకం బాబాయిగారూ, పక్కన ఆరో వ్యక్తి ఉన్నాడు" అంది. మొదటి పేజీలో ఆ పాత కవరు ఫోటో వేసింది. పేర్ల మీద కాగితం అడ్డం పెట్టి తీసిన ఫోటో. అరవై ఒక్క టిక్కులు మాత్రం కనిపిస్తాయి.

గడువు సాయంత్రం ఐదింటికి. నాలుగూ యాభై నాలుగుకి ఇచ్చి రసీదు తెచ్చుకుంది. రెండు నెలలకి ఫలితం వచ్చింది. ప్రథమ శ్రేణి. ఇప్పుడు సలహాల గదిలో ఆమె కుర్చీ ఉంది. వారంలో మూడు రోజులు ఆసుపత్రి హాల్లో ఫారాలు నింపే పని మా ఆయన చేస్తున్నారు, ఈసారి అందరికీ చెప్పే. నేను చెప్పలేదు. బస్టాపులో స్టోర్సు అబ్బాయికి ఆయనే చెప్పుకున్నారట. నేను రాసిన ఈ కాగితాలు కూడా ముందు ఆయనే చదివారు. పదకొండు తప్పులు దిద్దారు, సంగతి మాత్రం ముట్టుకోలేదు. వాళ్ల సంగతులు రాయవచ్చా అని హాజరమ్మనీ స్టోర్సు అబ్బాయినీ నేనే అడిగాను. స్టోర్సు అబ్బాయి, "మైకు సంగతి కూడా రాయండి పిన్నిగారూ" అన్నాడు.

ఒక్కటి మాత్రం నాకు మింగుడు పడలేదు. కిందటి ఆదివారం హాజరమ్మ కాఫీకి వస్తే సూటిగానే అడిగాను.

"నిజం చెప్పు. ఆయన నీ ఎదుట కూర్చుని ఆ మాటలు చెప్పాక కూడా రోజూ నా ఇంటికొచ్చి నా చేతి కాఫీ తాగావు. నేను సబ్బు గురించి గొప్పలు పోతుంటే విన్నావు. ప్యాకెట్టు నేనే తెరిచానని కూడా నీకు తెలుసు. నీ చదువు మునిగిపోతోంది. ఒక్క మాట, 'ఆ ఐదో మనిషి మీ ఆయనే పిన్నిగారూ' అని నా మొహాన కొడితే నేను ఆ పూటే పరిగెత్తుకెళ్లి అంతా సర్దేదాన్ని. ఎలా ఊరుకున్నావే?"

ఆమె గడియారం వంక చూసి, గ్లాసు కింద పెట్టింది.

"ఇరవై మూడేళ్లు గేటు దగ్గర కూర్చుని ఎవరు ఎన్ని నిమిషాలు లేటో రాశాను పిన్నిగారూ. ఎందుకు లేటయిందో ఒక్కణ్ణీ అడగలేదు. ఇప్పుడు అడిగితే, పాపం, చెప్పారు. వాళ్లు చెప్పింది తీసుకెళ్లి మీ చేతిలో పెడతానా? మీ కాఫీ బావుంటుంది. కానీ మరీ అంత బావుండదు."